పద్దెనిమిది అడుగులు

మా ముందుగదిలో గోడమీద ఒక ఫొటో వుండేది. నేను తీసిందే. తీతువుపిట్ట రెక్కలు రెండూ విప్పి, ముక్కు తెరిచి, కెమేరా కేసి, అంటే నాకేసి, దూసుకొస్తున్నట్టుంటుంది. కళ్ళముందు ఎర్రటి తోలు, పసుప్పచ్చటి కాళ్ళు, పొట్టకింద తెల్లటి ఈకల కొసనుంచి జారబోతున్న రెండు నీటిబొట్లు. ఆ బొట్లే ఫొటోకి ప్రాణం అనేవారు చూసినవాళ్ళంతా. "వదినా, నువ్వు నవలలు మానేసి ఇదే పట్టుకోకూడదూ!" అంది మా ఆడబడుచు. అందులో నా నవలలమీద కూడా ఒక అభిప్రాయం వుందని తరవాతెప్పుడో తట్టింది గాని, అప్పటికి పొంగిపోయాను.

ఇవాళ ఆ ఫొటోని విమర్శించాలని కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా ఇతరుల పుస్తకాల మీద నాలుగు మాటలు అనడానికి వెనకాడనిదాన్ని, సొంత సరుకు దగ్గర కొచ్చేసరికి నోరు కట్టేసుకుంటే ఏం బావుంటుంది? పైగా ఇదంతా ఒక లెన్సు కొనబోవడంలోంచి వచ్చిన గొడవ. లెన్సులు కొనుక్కునే ఇల్లాళ్ళు ఈ రోజుల్లో తక్కువేం లేరు.

ఆ ఫొటో తీసింది పాత 55-250 లెన్సుతో. కెమేరా కొత్తదే, కిందటేడు పెళ్ళిరోజుకి మావారు కొనిచ్చారు. లెన్సు మాత్రం పాతదాన్నే ఒక అడాప్టరు పెట్టి తగిలించాను. "దీంతోనే ఇలా తీస్తే, పెద్ద లెన్సుంటే ఇంకెలా తీస్తావో!" అన్నారు అందరూ. అంతలో సీరియల్ తాలూకు డబ్బు చేతికొచ్చింది. ధరలు చదివి వినిపిస్తే మావారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "నీ డబ్బు, నీ యిష్టం" అన్నారు. మీ ఇళ్ళల్లో ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలీదు గాని మా ఇంట్లో మాత్రం "బాగా ఆలోచించుకో" అని.

సలహాకి మా పెద్దబావగారున్నారు. రిటైరైనప్పటినుంచీ ఆయనకి పక్షులే లోకం. "అమ్మాయ్, 600 లేందే పిట్టల జోలికి పోకు" అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన దగ్గరున్నది 150-600 జూమ్. టామ్రాన్ వాళ్ళది 2013 చివర్లో ప్రకటించాక, సిగ్మావాళ్ళది 2015లో వచ్చాక మామూలు వుద్యోగస్తులు కూడా ఆ అంకె అందుకోగలిగారు. అంతకు ముందు 600 అంటే పత్రికలవాళ్ళూ, షావుకార్లూ కొనుక్కునే వస్తువు.

ఈ అంకెల సంగతి ఒక్కమాటలో చెప్పేస్తాను. ఇవి చీర గజాల్లాంటివి కావు. ఎక్కువైనకొద్దీ తక్కువ కనిపిస్తుంది! పాత ఫిలిమంత సెన్సారున్న కెమేరాకి 400 తగిలిస్తే అడ్డంగా కనిపించే ప్రపంచం అయిదు డిగ్రీలు. చెయ్యి బారచాచి, మధ్య మూడు వేళ్ళు దగ్గరగా పెడితే ఎంత మేర కప్పుతాయో సుమారుగా అంత. నా కెమేరాలాగా చిన్న సెన్సారుంటే 1.6 వంతులు ఇంకా ఇరుకు. ఆ ఇరుకులో పిట్టని వెతికి పట్టుకోవడం అంటే కిటికీకి పడిన చిల్లులోంచి వీధిలో పోయే సైకిలుని చూడటమే. అలవాటయ్యేదాకా నాకు ఆకులూ ఆకాశమూ తప్ప ఇంకేం దొరకలేదు.

చలికాలంలో ఒక ఆదివారం తెల్లారగట్లే బావగారు నన్ను ఉప్పలపాడు తీసుకెళ్ళారు. గుంటూరు పక్కనే. వూళ్ళోనే చెరువు, చెరువులో తుమ్మచెట్లు, చెట్లనిండా గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ. ఒడ్డునే ఇళ్ళు. వాకిళ్ళు వూడుస్తున్నవాళ్ళు వూడుస్తున్నారు, గేదెని తోలుకెళ్ళేవాడు తోలుకెళుతున్నాడు, నెత్తిమీదనించి తెరచాపల్లాంటి రెక్కలతో గూడబాతులు వెళుతున్నాయి, ఎవరూ తలెత్తి చూడరు! నేను అన్నీ మరిచిపోయి చూస్తూంటే, "నిలబడ్డావేం, తియ్యి" అని బావగారు తన లెన్సు నా చేతిలో పెట్టారు. రెండు కిలోలకి ఇంచుమించు. చంటిపిల్లని చంకనేసుకోవడం అలవాటైన చెయ్యే గదా అనుకున్నాను గాని, పిల్లని కళ్ళెదురుగా గాల్లో పట్టుకోం. పావుగంటలో మణికట్లు సన్నాయి వాయించాయి. వణుకుని సర్దే ఏర్పాటు లెన్సులోనే వుందిటలెండి. అది నా చేతి వణుకుని సర్దుతుంది గాని కొంగ మెడ తిప్పడాన్ని ఆపలేదు. దానికి షట్టరు వేగం కావాలి, ఎగిరే పిట్టకైతే క్షణంలో రెండువేలో వంతు కావాలి.

ఇంటికొచ్చాక బావగారు ఆ ఏడాది తీసినవన్నీ కంప్యూటర్లో చూపించారు. మూడువేలకి పైగా వున్నాయి. అక్కయ్య రెండుసార్లు కాఫీ ఇచ్చింది. గూడబాతు ముక్కు. గూడబాతు కన్ను. గూడబాతు ముక్కూ కన్నూ. వెనకాల అంతా మెత్తగా, పచ్చగా, వెన్న రాసినట్టు. ప్రతి ఈకా లెక్కపెట్టుకోవచ్చు. నూట యాభయ్యో బొమ్మ దగ్గర నాకు పాస్‌పోర్టు ఆఫీసులో కూర్చున్నట్టనిపించింది. "బావగారూ, వీళ్ళెవరికీ వూరు లేదా?" అనేశాను. "వూరెందుకమ్మా, పక్షి గదా!" అన్నారాయన.

నేను నవలలు రాసేదాన్ని. పాత్రకి వూరు లేకపోతే నాకు వూపిరాడదు. వాకిలి వూడ్చే మనిషికి పది గజాల దూరంలో ఇంత పెద్ద పక్షి పిల్లల్ని పెంచుకుంటోందన్నదే ఉప్పలపాడు కథ. అది మూడువేల ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ లేదు! ఆ ఫొటోలు ఆఫ్రికాలో తీశామన్నా నమ్మొచ్చు. ఇది మా బావగారొక్కరి లోపం కాదు. పోటీల్లో, కాలెండర్లలో, ఫోన్లలో తిరిగే పక్షుల బొమ్మలు చూడండి, నూటికి తొంభై జూమ్‌ని చివరికంటా లాగి తీసినవే. మద్రాసులో ఎమ్. కృష్ణన్ గారని (1912-96) వుండేవారు. అక్కడివీ ఇక్కడివీ విడిభాగాలు జతచేసి సొంతంగా కెమేరా కట్టుకుని, దాని బరువుకి తనే నవ్వుకుంటూ 'సూపర్ పాండెరోసా' అని పేరు పెట్టుకున్నారు. తీసింది నలుపు తెలుపుల్లో. ఆయన ఏనుగుని చూస్తే అడవి కూడా చూసినట్టుంటుంది. ఈకలు లెక్కపెట్టుకునే సౌకర్యం వచ్చాక మనం చెట్లు లెక్కపెట్టడం మానేశాం.

అంచేత నాకు తేలిందేమిటంటే, జూమ్ కొనేటప్పుడు అందరూ పెద్ద అంకె చూస్తారు, నేను చిన్న అంకె చూడాలి. పిట్ట దొరికాక వెనక్కి రాగలగాలి. 150 దగ్గర ఆగిపోయేదానికన్నా 100 దాకా దిగొచ్చేది నాకు మేలు. చిన్న సెన్సారు మీద ఆ తేడా చాలానే తెలుస్తుంది, పక్కనున్న ఇల్లు బొమ్మలోకి వస్తుందో రాదో అక్కడే తేలిపోతుంది.

అలాగని పొడుగు లెన్సు ప్రకృతి దృశ్యాలకి పనికిరాదనుకునేరు. కొండలంటే వెడల్పాటి లెన్సే పెట్టాలని చాలామంది అనుకుంటారు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1960లో యోసెమిటీ లోయలో, హాఫ్ డోమ్ అనే రాతికొండ పక్కన చంద్రుణ్ణి తీశాడు. హాసెల్‌బ్లాడ్ కెమేరాకి 250 లెన్సు తగిలించి తీసినది. వెడల్పు లెన్సుతో అయితే ఆ చంద్రుడు ఆవగింజంత వుండేవాడు. మన పాపికొండల్లో కూడా లాంచీ మలుపు తిరిగేటప్పుడు 100కీ 200కీ మధ్య పెట్టి చూడండి, కొండ వెనక కొండ, దాని వెనక లేతనీలంగా ఇంకో కొండ, మడత పెట్టిన చీరల్లా ఒకదానికొకటి ఆనుకుంటాయి. నిజానికి ఈ ఆనించడం లెన్సు చేసే గారడీ కాదు, మనం దూరంగా నిలబడటంవల్ల వచ్చేది. దూరాన్నుంచి చూస్తే అన్నీ దగ్గరదగ్గరగానే వుంటాయి, లెన్సు ఆ ముక్కని కోసి పెద్దది చేస్తుందంతే. 2020లో కరోనా రోజుల్లో డెన్మార్కు ఫొటోగ్రాఫర్లు ఇదే నిరూపించారు. ఒకే వరసలో నిలబడ్డ జనాన్ని దూరాన్నుంచి పొడుగు లెన్సుతో తీస్తే ఒకరిమీదొకరు పడుతున్నట్టూ, పక్కనుంచి తీస్తే ఎడంగా వున్నట్టూ కనిపించారు. కాబట్టి ఎవరైనా ఫొటో చూపించి "ఎంత రద్దీయో చూడు" అంటే, ఎక్కడ నిలబడి తీశారని అడగాలి.

ఆ ప్రశ్నే నా మెడకి చుట్టుకుంది.

లెన్సు వెతుకులాటలో వుండగానే, తీతువు ఫొటోని ఏదైనా పోటీకి పంపుదామని నిబంధనలు చదివాను. మనదేశంలో కొన్ని ప్రకృతి ఫొటోల పోటీలు గూళ్ళ దగ్గర తీసినవాటిని తీసుకోవు. నాదాంట్లో గూడెక్కడుంది, వట్టి నేలే గదా అనుకున్నాను. ఎందుకైనా మంచిదని పక్షుల పుస్తకం తీశాను. తీతువు గూడు కట్టదు. నేలమీదే, గులకరాళ్ళ మధ్య, రాళ్ళలో కలిసిపోయే రంగు గుడ్లు పెడుతుంది, మామూలుగా నాలుగు. ఎండ ముదిరినప్పుడు గుడ్లు వుడికిపోకుండా వాటిమీద నీడపట్టి నిలబడుతుంది. నీళ్ళ దగ్గరికి పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి ఆ తడితో గుడ్లని చల్లబరుస్తుంది.

రెండు నీటిబొట్లు!

లేచి ముందుగదిలోకి వెళ్ళి ఫొటోముందు నిలబడ్డాను. అది మే నెల, పదకొండు గంటలవేళ, మా కాలనీ వెనక ప్లాట్లు వేసి వదిలేసిన పొలంలో తీసింది. ప్లాటు వెడల్పు ముప్ఫై అడుగులు. నేనొక హద్దురాయి దగ్గర, అది రెండో రాయి దగ్గర. నేను ఇంకా దగ్గరికి అడుగు వేసినకొద్దీ అది అరిచింది. తీతువు అరిస్తే అశుభం అంటారు గదా, నేను అవన్నీ నమ్మే మనిషిని కాదనుకుని గర్వంగా ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. ఇరవై నిమిషాలు. గుడ్లకి నీళ్ళు తెచ్చిన తల్లికీ గుడ్లకీ మధ్య ఇరవై నిమిషాలు నిలబడి, దాని కోపాన్ని ఫోకస్ చేసి, ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్ళకి కాఫీతోబాటు చూపించాను.

వారం పోయాక ఒకసారి అటు వెళ్ళాను కూడా, అప్పటికి నాకీ సంగతేమీ తెలీదు. పిట్ట లేదు. పిల్లలు పుట్టి నడిచిపోయాయో, గుడ్లు కుక్కలు తిన్నాయో, ఎండకి పోయాయో ఇప్పటికీ తెలీదు. "తెలియక చేశావు గదా" అన్నారు మావారు. తెలియకపోవడం నిజమే. అది అరుస్తోందని మాత్రం తెలుసు.

విమర్శకురాలిగా చెప్పాలంటే ఆ ఫొటోలో వెలుగు బావుంది, క్షణం బావుంది, మనిషి నిలబడ్డ చోటు తప్పు.

ఆ రాత్రి కాగితం తీసి లెక్క వేశాను. 250తో ముప్ఫై అడుగుల్లో పిట్ట ఎంత కనిపిస్తుందో, 400తో నలభై ఎనిమిది అడుగుల్లో అంతే కనిపిస్తుంది. పద్దెనిమిది అడుగులు వెనక్కి జరగొచ్చు. 600 అయితే డెబ్భై రెండు. "అయితే పెదనాన్నదే కరెక్టు కదమ్మా, ఆ పిట్టకి ఇంకో ఇరవై నాలుగు అడుగులు దక్కేవి" అంది మా అమ్మాయి. దక్కేవే, కాదనను. కాని రెండు కిలోల లెన్సు నాలుగు ఆదివారాలు మోసి అయిదో ఆదివారం బీరువాలో పెడతానని నాకు నా సంగతి తెలుసు. మా బీరువాలో అలాంటి వుత్సాహాలు ఇప్పటికే చాలా వున్నాయి. అయినా తీతువు మిల్లీమీటర్లు కొలవదు, అరిచి చెబుతుంది. అరిస్తే వెనక్కి నడవాలి, లెన్సు ఏదైనా సరే.

చివరికి కానన్ వాళ్ళ 100-400 కొన్నాను, 2021లో వచ్చిన తేలికపాటిది. 635 గ్రాములు. దాని లోటు కూడా చెబుతాను. 400 దగ్గర దాని వెలుగు అంకె ఎఫ్ 8. నాలుగువందల్ని ఎనిమిదితో భాగిస్తే యాభై, అంటే వెలుగు దూరే కన్నం అయిదు సెంటీమీటర్లు. అదే 5.6 అంకె వున్నదైతే రెట్టింపు వెలుగు తాగుతుంది. 600కి ఎఫ్ 4 కావాలంటే కన్నమే పదిహేను సెంటీమీటర్లుండాలి, అందుకే ఆ లెన్సులకి ఆ బరువూ ఆ ధరా. నాదాంతో తెల్లవారుజామున తీస్తే బొమ్మ ఇసక చల్లినట్టు వస్తుంది. ఎండెక్కనిద్దాం అంటే, ఎక్కువ ఎక్కితే గాలి కాగి అలలుగా లేచి ఎంత ఖరీదైన లెన్సయినా మసకేస్తుంది. మధ్యలో దొరికే ఆ గంటా రెండు గంటలూ నావి. టిఫిన్ల టైము కూడా సరిగ్గా అదే. మావారు ఉప్మా నేర్చుకున్నారు.

బావగారు మొన్న ఫోన్లో ఒక బొమ్మ పంపారు. గూడబాతు వెనకాల ఎవరిదో డాబా, డాబామీద ఆరబెట్టిన వడియాలు. "వూరు పెట్టానమ్మా" అని కింద రాశారు.

తీతువు ఫొటో గోడమీంచి తీసేశాను. ఆ మేర సున్నం తెల్లగా మిగిలిపోయి కనిపిస్తూంటే, ఈ మార్చిలో తీసిన ఇంకోదాన్ని అక్కడ తగిలించాను. 100 దగ్గర పెట్టి, రోడ్డుమీదనుంచే తీసినది. హద్దురాళ్ళూ, ఎండుగడ్డీ, 'ప్లాట్లు అమ్మబడును' అని వంగిపోయిన బోర్డూ, దూరంగా మా కాలనీ నీళ్ళ టాంకూ వున్నాయి. వచ్చినవాళ్ళు కాసేపు చూసి, మర్యాదకి ఇంకాసేపు చూసి, "పిట్ట ఏదండీ?" అంటున్నారు. మూడో రాయి పక్కన బియ్యపుగింజంత వుంటుంది. వేలు పెట్టి చూపిస్తున్నాను.