నలభై అయిదు నిమిషాల సంగీతం: వోమెక్స్ సంత – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ప్రపంచ సంగీత రంగంలోని వృత్తిదారుల కోసం ఏటా ఐరోపాలో జరిగే వాణిజ్యమేళా వోమెక్స్. దానిని వ్యాపారవేదికగా మాత్రమే గాక, పాట స్వరూపాన్ని నిర్ణయించే ఒక ప్రదర్శనరూపంగా చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. గరిఫునా గాయకుడు ఆండీ పలాసియో, కిన్షాసా బృందం స్టాఫ్ బెండా బిలిలి ఇందుకు ప్రధాన ఉదాహరణలు. తెలుగువాడైన మాండొలిన్ శ్రీనివాస్ రికార్డులను ఇదే దృష్టితో చివర పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: వోమెక్స్, ప్రపంచ సంగీతం, షోకేస్, గరిఫునా, మాండొలిన్ శ్రీనివాస్, ఒగ్గుకథ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో సంత వేరు, తిరునాళ్ళు వేరు. తిరునాళ్ళలో పాడేవాడు దేవుడి ఎదుట, ఊరి ఎదుట పాడతాడు. సంతకు సరుకు తెచ్చినవాడు దానిని కొనేవాడి ఎదుట పరుస్తాడు. ఐరోపాలో వేసవి పొడుగునా జరిగే సంగీతోత్సవాలు తిరునాళ్ళ వంటివైతే, వాటికి కళాకారులను సమకూర్చే సంతల్లో ముఖ్యమైనది వోమెక్స్. ‘వరల్డ్‌వైడ్ మ్యూజిక్ ఎక్స్‌పో’ అన్న పేరుకు ఇది సంక్షిప్తరూపం. 1994లో బెర్లిన్‌లో మొదలైన ఈ మేళా ఆ తరువాత మార్సే, స్టాక్‌హోమ్, సెవిల్లె, కోపెన్‌హేగన్, కార్డిఫ్, బుడాపెస్ట్, లిస్బన్, మాంచెస్టర్ వంటి నగరాలకు తిరుగుతూ వచ్చింది. 2020లో కోవిడ్ కారణంగా ఆన్‌లైన్‌కు పరిమితమైంది. పగటిపూట దుకాణాలు, చర్చాగోష్ఠులు; రాత్రిపూట ప్రదర్శనలు; చివరిరోజున పురస్కార ప్రదానం. వచ్చేవారు ఉత్సవ నిర్వాహకులు, బుకింగ్ ఏజెంట్లు, రికార్డు కంపెనీలవారు, రేడియో నిర్మాతలు, పాత్రికేయులు. వీరి సంఖ్య రెండు వేలు దాటుతుంది.

గమనించవలసిన విషయం ఒకటుంది. ప్రపంచమంతటి సంగీతానికి వేదిక అని చెప్పుకునే ఈ మేళా ఇంతవరకు ఐరోపా దేశాలు దాటి ఎక్కడా జరగలేదు. సరుకు దూరదేశాలనుంచి వస్తుంది. అంగడి మాత్రం కొనుగోలుదారుల ఇంటి ముంగిటే ఉంటుంది.

2. పేరు వెనుక కథ

‘ప్రపంచ సంగీతం’ అన్న మాట మొదట విద్యారంగానిది. 1960లలో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బ్రౌన్ దీనిని బోధనకు సంబంధించిన పదంగా వాడాడు. అది వ్యాపారపదంగా మారిన రోజు స్పష్టంగా తెలుసు. 1987 జూన్ 29న లండన్‌లో, ‘ఎంప్రెస్ ఆఫ్ రష్యా’ అనే పబ్బులో చిన్న రికార్డు కంపెనీలవారు కొందరు సమావేశమయ్యారు. వారి సమస్య సిద్ధాంతానికి సంబంధించినది కాదు. మాలి గాయకుడి రికార్డును, బల్గేరియా స్త్రీల బృందగానాన్ని దుకాణదారు ఏ అరలో పెట్టాలో తెలియక వెనక్కి పంపేస్తున్నాడు. అరకు ఒక పేరు కావాలి. ఆ పేరే ఇది. ఆ సమావేశంలో పాల్గొన్న బెన్ మాండెల్సన్ తరువాత వోమెక్స్ స్థాపకుల్లో ఒకడయ్యాడు. కనుక అరకు, సంతకు ఉన్న చుట్టరికం కేవలం ఊహ కాదు.

పేరుపై దాడి త్వరగానే వచ్చింది. 1999లో డేవిడ్ బర్న్ న్యూయార్క్ టైమ్స్‌లో ఆ పేరును తాను ద్వేషిస్తున్నానని శీర్షికలోనే ప్రకటించాడు. పాశ్చాత్యేతర సంగీతాన్నంతా వింతవస్తువుగా ఒక మూలకు నెట్టే పదమని అతని వాదన. అలాంటి సంగీతాన్నే విడుదల చేసే లువాకా బాప్ అనే కంపెనీని స్థాపించినవాడూ అతనే కావడం ఈ వివాదంలోని చమత్కారం. 2020లో గ్రామీ పురస్కారాలవారు ‘వరల్డ్’ను తీసి ‘గ్లోబల్’ అని పెట్టారు. అరమీది చీటీ మారింది, అర అక్కడే ఉంది. పేరు గురించిన చర్చ ఇంతకుమించి సాగదు. దానికన్నా సారవంతమైన ప్రశ్న, ఆ అరలోకి చేరడానికి పాట ఏ ఆకారం తీసుకోవలసి వస్తుంది అన్నది.

3. షోకేస్ అనే ప్రక్రియ

వోమెక్స్‌కు ప్రాణం షోకేస్. ఒక్కొక్క బృందానికి 45 నిమిషాలు. ఏటా మారే ఏడుగురు సభ్యుల నిర్ణేతల బృందం వచ్చిన దరఖాస్తుల నుంచి ఎంపిక చేస్తుంది. కురొసావా సినిమాను తలపిస్తూ ఆ బృందానికి ‘సెవెన్ సమురాయ్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఊరిని దోపిడీదారులనుంచి కాపాడినవారి పేరు ఎంపికచేసేవారికి పెట్టడంలోని ఔచిత్యాన్ని పాఠకులే ఊహించుకోవచ్చు. ఒకే రాత్రి అనేక వేదికలపై ప్రదర్శనలు సమాంతరంగా నడుస్తాయి. అందువల్ల శ్రోత కుదురుగా కూర్చోడు. ఇక్కడ కాసేపు విని, తలుపు తెరుచుకుని మరో వేదికకు వెళతాడు. వీసా, విమానఖర్చుల భారం దూరదేశాల కళాకారులకు సహజంగానే ఎక్కువ. ప్రభుత్వ సాంస్కృతిక సంస్థల అండ ఉన్న దేశాలవారికి ఈ దారి సులువు.

ఇక్కడ పాట ఎవరిని ఉద్దేశించినది? సాధారణ కచేరీలో శ్రోతకు పాట నచ్చితే చాలు. షోకేస్‌లో ఎదుటివాడు తనకు నచ్చిందా అని కాక, తన ఉత్సవానికి వచ్చే జనానికి నచ్చుతుందా అని వింటాడు. అంటే గాయకుడు అక్కడ లేని శ్రోతకోసం, ఉన్న శ్రోత ద్వారా పాడుతున్నాడు. ఈ రెట్టింపు దూరం పాటమీద పనిచేస్తుంది. మొదటి పది నిమిషాల్లోనే శిఖరం కనిపించాలి. నెమ్మదిగా విప్పారే ఆరంభాలకు చోటు తగ్గుతుంది. సాహిత్యం అర్థంకాని సభలో లయ, గొంతు, వాద్యం ఆకారం ముందుకు వస్తాయి. మాట చేయలేని పనిని పరిచయపత్రం చేస్తుంది: కరపత్రంలోని నాలుగు వాక్యాల జీవితకథ పాటకు వ్యాఖ్యానమై కూర్చుంటుంది.

కుదింపు ఎల్లప్పుడూ కళాద్రోహమని చెప్పడం తొందరపాటే. గ్రామఫోను పలక మూడు నిమిషాల్లోకి రాగాన్ని కుదించినప్పుడు మన సంగీతంలో గొప్ప రికార్డులే పుట్టాయి. తేడా ఏమిటంటే, పలక కొన్న శ్రోత దానిని వందసార్లు విన్నాడు. షోకేస్ ఒక్కసారి జరిగి, ఒప్పందంగా మారితే మారుతుంది, లేకపోతే లేదు.

4. రెండు పురస్కారాలు

2007లో సెవిల్లెలో వోమెక్స్ పురస్కారం బెలీజ్ గాయకుడు ఆండీ పలాసియోకు, అతని నిర్మాత ఇవాన్ డురాన్‌కు కలిపి లభించింది. గరిఫునాలు ఆఫ్రికన్, కరీబియన్ ఆదివాసి మూలాలు కలిసిన జాతి. 1797లో బ్రిటిష్‌వారు వీరిని సెయింట్ విన్సెంట్ దీవినుంచి వెళ్ళగొట్టారు. నేటి హోండురాస్, గ్వాటెమాలా, బెలీజ్, నికరాగువా తీరాల్లో వీరి ఊళ్ళున్నాయి. 1980లో నికరాగువా అక్షరాస్యతా ఉద్యమంలో పనిచేసిన పలాసియో, అక్కడ ముసలివారి తరువాత గరిఫునా మాట్లాడేవారు దాదాపు మిగలలేదని గ్రహించాడు. ఆ తరువాత అతడు పంటా రాక్ గాయకుడిగా స్వదేశంలో పేరు తెచ్చుకున్నాడు. పంటా రాక్ ఊరి యువకులు ఆడే పాట, వేగమైనది.

‘వాటినా’ (2007) ఆ వేగాన్ని వదిలేసింది. సముద్రతీరపు హాప్‌కిన్స్ గ్రామంలో, తాటాకు కప్పు కింద కొంతభాగం రికార్డు చేసిన ఈ ఆల్బమ్‌లో గిటారుతో పాడే పాత పరాండా పద్ధతికి పెద్దపీట వేశారు. వృద్ధ గాయకుడు పాల్ నాబోర్ గొంతు ఇందులో వినిపిస్తుంది. వాటినా అంటే ‘పిలిచాను’ అని అర్థం. ఈ నెమ్మది ఎవరికోసం? సందేహించేవాడు ఇది ఐరోపా శ్రోత కుర్చీలో కూర్చుని వినడానికి చేసిన సర్దుబాటు అంటాడు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ పరాండా నెమ్మది గరిఫునా పెద్దలదే. పంటా రాక్ మోతలో ఆ గొంతులే ముందు మరుగునపడ్డాయి. సంత కోరినదీ, సంప్రదాయం పోగొట్టుకుంటున్నదీ ఇక్కడ యాదృచ్ఛికంగా ఒకటే అయ్యాయి. అందువల్లే ఈ ఆల్బమ్‌లో సర్దుబాటు అతుకులు వినిపించవు. పెద్ద దేశాల రాజధానుల అండ లేని ఒక భాషకు అంత దూరపు చెవి దొరకడం చిన్న విషయం కాదు. పురస్కారం అందుకున్న కొన్ని నెలలకే, 2008 జనవరిలో, పలాసియో మరణించాడు. అప్పటికి అతనికి 47 ఏళ్ళు. బృందం మాత్రం కొనసాగింది.

2009లో కోపెన్‌హేగన్‌లో పురస్కారం పొందిన స్టాఫ్ బెండా బిలిలి కథ వేరు. కాంగో రాజధాని కిన్షాసా వీధుల్లో, పోలియోతో కాళ్ళు చచ్చుబడినవారు నడిపిన బృందమిది. తమకు తగినట్టు మార్చుకున్న మూడుచక్రాల బండ్లపై కూర్చుని పాడేవారు. రోజర్ లాండు అనే కుర్రవాడు డబ్బాకు ఒకే తీగె బిగించి సటాంగే అనే వాద్యాన్ని తానే కల్పించుకున్నాడు. తొలి ఆల్బమ్‌లో చాలాభాగం కిన్షాసా జంతుప్రదర్శనశాల ఆవరణలో, ఆరుబయట రికార్డయింది. లింగాలా భాషలో ఈ బృందం పేరుకు ‘పైరూపం దాటి చూడండి’ అన్న అర్థం చెబుతారు.

ప్రచారం సరిగ్గా పైరూపాన్నే చూపింది. 2010లో కాన్ చలనచిత్రోత్సవం నాటికి వారిపై సినిమా కూడా వచ్చింది. బండ్లు, వీధి, డబ్బా వాద్యం చెప్పినంత కథ పాటలు చెప్పనక్కరలేకపోయింది. నిజానికి వారి పోలియో పాట జాలికోసం పాడినది కాదు; పిల్లలకు చుక్కలమందు వేయించమని తల్లిదండ్రులకు చెప్పే పాట, లింగాలా తెలిసిన వీధికి చెప్పిన పాట. అది ఐరోపా వేదికపైకి వచ్చేసరికి సంబోధన మారి, హితవు చెప్పేవారు సానుభూతికి పాత్రులయ్యారు. 2013లో బృందం చీలింది. బయటికి వచ్చిన కోకో న్‌గంబాలి, థియో న్‌జోంజా ‘ఎంబోంగ్వానా స్టార్’ పేరుతో 2015లో విడుదల చేసిన ఆల్బమ్ కరుకైన విద్యుత్‌ధ్వనులతో నిండింది. పరిచయపత్రంలోని దయనీయగాథకు అందులో చోటే లేదు. ఆ కరుకుదనమే పాత ప్రచారానికి వారిచ్చిన విమర్శగా వినవచ్చు.

5. సంతకు రాని గొంతు

సంతను తప్పుపట్టేముందు, సంత లేనిచోట జరిగినదానిని కూడా చూడాలి. సాలమన్ దీవుల్లో అఫునక్వా అనే స్త్రీ పాడిన జోలపాటను హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు రికార్డు చేశాడు. యునెస్కో సంకలనంలో వెలువడిన ఆ పాటను డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి బృందం 1992లో నృత్యసంగీతంలో కలిపి ప్రపంచమంతటా అమ్ముకుంది. ఈ వ్యవహారాన్ని స్టీవెన్ ఫెల్డ్ 2000లో ఒక సుదీర్ఘవ్యాసంలో విప్పిచెప్పాడు. అఫునక్వా ఏ మేళాకూ వెళ్ళలేదు, ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు. పలాసియో, లాండు సంతకు వెళ్ళినవారు. బేరం ఆడే హక్కు వారికి దక్కింది. పరిశోధకుడి టేపు ఆ హక్కును జోలపాట పాడిన స్త్రీకి ఇవ్వలేకపోయింది. సంగ్రహాలయం పవిత్రమైనది, అంగడి అపవిత్రమైనది అనే విభజన ఇక్కడ నిలవదు.

6. తెలుగు వైపునుంచి

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ ఉప్పలపు శ్రీనివాస్ ఈ అరలోకి ముందే చేరాడు. పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ కంపెనీ 1994లో అతని ‘రామ శ్రీరామ’ను, 1995లో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ను విడుదల చేసింది. మొదటిది కర్ణాటక సంప్రదాయంలో నడిచే వాదనం, రెండవది సమ్మేళనం. నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో ‘మస్త్ మస్త్’ చేసిన బ్రూక్‌కు ఈ పద్ధతి అలవాటే. రెండింటిలో ‘డ్రీమ్’ 45 నిమిషాల వేదికకు సులువుగా ఒదుగుతుంది. ‘రామ శ్రీరామ’లో మాత్రం వినవలసింది ఎక్కువ. కృతి తెలిసిన తెలుగు శ్రోతకు మాండొలిన్ తీగెలమీద సాహిత్యం కూడా వినిపిస్తుంది. తెలియనివాడికి రాగం, వేగం, చేతివాటం అందుతాయి. మాట లేకపోవడమే వాద్యానికి సరిహద్దు దాటే అనుమతిపత్రమైంది.

కథాగానానికి ఆ సౌలభ్యం లేదు. ఒగ్గుకథలో డోలు దెబ్బ, కథకుడి అడుగు ఎంత ఆకర్షించినా, మల్లన్న కథ తెలియనివాడికి ప్రదర్శన సగమే. రాత్రంతా నడిచే ఆ కథను ప్రభుత్వోత్సవాల్లో, ఊరేగింపుల్లో కొద్దినిమిషాల డోలు విన్యాసంగా చూపడం ఇప్పటికే అలవాటైంది. ఏ ఘట్టం ఉంచాలి, ఏది వదలాలి, ఆ నిర్ణయం ఒగ్గు పూజారిదా, నిర్వాహకుడిదా అన్న ప్రశ్న విదేశీ మేళాకన్నా ముందు ఇక్కడి వేదికలమీదే తేలవలసి ఉంది.