సాంచెల చప్పుడులో ప్రహ్లాదుడు

కాల్హేర్‌లో ఠాణే–భివండి రోడ్డు పక్క సందులో ఓ మరమగ్గాల కార్ఖానా. సాంచెలు నడుస్తుంటే పక్కవాడి మాట వినపడదు, అంతా సైగలే. ఆ చప్పుడులో ఒక పెద్దాయన తెగిన పోగుకు ముడి వేస్తూ పద్యం ఎత్తుకున్నాడు. అరవలేదు. గాలిని కడుపులోంచి తీసి, చివరి అక్షరాన్ని పైస్థాయిలో నిలబెట్టాడు. నాలుగు సాంచెల అవతల ఉన్న నాకు ప్రతి అక్షరం తెలిసింది.

"ఎక్కడ నేర్చుకున్నవు తాతా?"

"సిరిసిల్ల దిక్కు నాటకాలాడేటప్పుడు, బిడ్డా. మైకులు యాడియి అప్పుడు?"

తెలుగు సినిమాకు మొదట మాట వచ్చింది ఇలాంటి గొంతుల వల్లే. అది కూడా ఇక్కడికి దగ్గర్లోనే, బొంబాయిలో. నిర్మాత ఆర్దేషిర్ ఇరానీ దగ్గర పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి, ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'భక్త ప్రహ్లాద' నాటకాన్ని టాకీగా తీశారు. రంగస్థల నటులను బొంబాయికి తీసుకొచ్చారు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడి తల్లి లీలావతి సురభి కమలాబాయి. 1932 ఫిబ్రవరి 6న ఆ సినిమా విడుదలైంది కూడా బొంబాయిలోనే, కృష్ణా సినిమా హాల్లో.

అప్పటికి ప్లేబ్యాక్ లేదు. నటుడే పాడాలి, పాడుతూనే నటించాలి, వాద్యాలు ఆ క్షణంలోనే మోగాలి. తప్పితే షాటంతా మళ్లీ మొదటినుంచి. కెమెరాకు ఇది కొత్త కష్టం. నాటకాల వాళ్లకు రోజూ చేసే పని.

పద్యం పాడటంలో ఉన్న పనితనం బయటికి కనపడదు. సీసం తీసుకోండి. నాలుగు పొడుగు పాదాలు, కింద తేటగీతో ఆటవెలదో. చేతకానివాడు మొదటి పాదంలోనే రాగం కుమ్మరిస్తాడు, మూడోదానికి ఊపిరి చాలదు. చేతనైనవాడు ముందు మాటను మాటలా అంటాడు, అర్థం ప్రేక్షకుడికి చేరాలి కదా. ఊపిరి మాట మధ్యలో తీసుకోడు, భావం విరిగే చోట దొంగిలిస్తాడు. హార్మోనియం శ్రుతి పట్టుకుని వెంట నడుస్తుంది, ముందుకు పోదు. రాగాన్ని కింది గీతి దాకా దాచుకుని, ఆఖరి పాదంలో వదులుతాడు. 'వన్స్‌మోర్' పడేది అక్కడే.

ఆడవేషాలు మగవాళ్లు కట్టే కాలంలో సురభి నాటక కుటుంబాల వాళ్లు తమ ఇంటి ఆడవాళ్లనే రంగం మీదికి తెచ్చారు. కెమెరా ముఖం దగ్గరికి వచ్చినప్పుడు ఆ తెగువ కమలాబాయికి అక్కరకొచ్చే ఉంటుంది. ఆమె ఆ తర్వాత చాలాకాలం బొంబాయిలోనే ఉండి హిందీ సినిమాల్లోనూ నటించారు.

నన్ను కదిలించే సంగతి ఇంకోటుంది. సురభి కుటుంబాల పూర్వీకులు మహారాష్ట్ర నుంచి తెలుగు నేలకు వెళ్లిన ఆరె మరాఠీలు, తోలుబొమ్మలాడించినవాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ' ఆడి నాటకాల వాళ్లయ్యారు. మన పద్మశాలీలు కరీంనగర్, నల్లగొండల నుంచి ఎదురు దారిన ఇక్కడికి వచ్చారు. బొమ్మలతో వాళ్లు అటు పోయారు, బతుకుదెరువు కోసం మనం ఇటు వచ్చాం.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చాక పద్యనాటకం ఇంట్లోకే వచ్చింది. టీవీలో పద్యం చూసినప్పుడల్లా నాకు ఒకటే బాధ. ఆలాపన సగంలో ఉండగా షాటు మారిపోతుంది. ముఖం దగ్గరగా చూపిస్తారు, కానీ పద్యం నడిచేది ఒంటి మొత్తంతో. పాదం నేల మీద ఎలా ఆనింది, ఛాతీ ఎక్కడ పొంగింది అన్నది కనపడాలి. కెమెరాను కదలనీయకుండా పద్యం పూర్తయ్యేదాకా నిలిపితే చాలు. తొలి టాకీల్లో చేతకాక చేసిన ఆ పనిని ఇప్పుడు తెలిసి చేయవచ్చు.

ఇదంతా తాతకు చెప్పాను. కరెంటు పోయి సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి.

"మరి కొడుకును పామునోట్ల పెట్టినప్పుడు లీలావతి ఏ రాగంల ఏడ్చింది?"

ఆ సినిమా ప్రింటు ఇప్పుడు లేదని చెప్పాను.

"ముఖారిల అయ్యుంటది" అన్నాడు. బీము మీద చెయ్యి ఆనించి సన్నగా ఎత్తుకున్నాడు. కరెంటు వచ్చేదాకా ఆపలేదు.