కాగితం మీది గుర్రాలు

1970లో అమెరికాలో మజిల్ కారు కొనబోయే వాళ్లను ఊరించిన పెద్ద వి-8 ఇంజిన్లలో మూడింటి మీద ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. షెవ్రొలే 454 ఎల్‌ఎస్-6కు కంపెనీ చెప్పిన బలం 450 హార్స్‌పవర్, క్రిస్లర్ 426 హెమీకి 425, బ్యూక్ 455 స్టేజ్-1కు 360. మూడూ ఏడు లీటర్లకు అటూఇటూగా ఉన్నవే. వీటిలో దేని ఒక్క సిలిండర్ తీసుకున్నా మన పాత మారుతి 800 ఇంజిన్ మొత్తం కన్నా పెద్దది. ఈ అంకెలను వరుసగా పేర్చి షెవ్రొలే మొదటిది, బ్యూక్ చివరిది అని తేల్చేయడం తేలికే, కానీ తప్పు. ఇంజిన్‌కు ఊపిరి ఎలా ఆడుతుందో, బలం ఏ వేగం దగ్గర చేతికి అందుతుందో చూడాలి. అలా చూస్తే వీధిలో నడపడానికి బ్యూకే మేలైనదని నా నమ్మకం.

హెమీ పుట్టింది పందెం కోసం. సిలిండర్ నెత్తిన అర్ధగోళంలాంటి గుల్ల, దానికి ఎదురెదురుగా వాలి ఉన్న పెద్ద వాల్వులు. గాలి ఒక వైపు నుంచి చొరబడి, మండి, ఎదుటి వైపు నుంచి సాఫీగా వెళ్లిపోతుంది. 1964 డేటోనా 500లో రిచర్డ్ పెటీ గెలిచింది దీనితోనే, ఆ రోజు మొదటి మూడు స్థానాలూ క్రిస్లర్‌వారి ప్లిమత్ కార్లవే. మామూలు కార్లలో అమ్మని ఇంజిన్ కుదరదని పందేలు నడిపే సంస్థ నాస్కార్ 1965లో అడ్డుపడితే, 1966లో క్రిస్లర్ దీన్ని వీధిలోకి తెచ్చింది. చిక్కంతా అక్కడే ఉంది. ఇరుకు కాలువలో నీరు ఉరుకుతుంది, వెడల్పు కాలువలో మెల్లగా కదులుతుంది. హెమీ గాలి దారులు ఆ వెడల్పు కాలువలు. ఇంజిన్ నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరిగేటప్పుడు వాటికి సాటి లేదు, నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం గాలి వేగం తగ్గి పెట్రోలు సరిగా కలవదు. అందుకే దాని గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 490 పౌండ్-అడుగులు 4,000 చుట్ల దగ్గర గానీ అందదు. ఎల్‌ఎస్-6కు 3,600 దగ్గర 500. బ్యూక్‌కు 2,800 చుట్లకే 510. పైగా పల్చని గోడలతో పోతపోసిన ఆ ఇంజిన్ హెమీ కన్నా ఎంతో తేలిక, కాబట్టి కారు ముక్కు మీద భారం తక్కువ. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరేవాడికి కావలసింది ఇదే.

మరి 360 అన్న అంకె? అప్పటి గ్రాస్ లెక్కలో ఫ్యాను, ఎయిర్ క్లీనర్, కారు సైలెన్సర్ గొట్టాలు లేకుండా ఇంజిన్‌ను బల్ల మీద కొలిచేవారు. అందులోనూ నిజాయితీ అంతంతమాత్రం. ఇన్సూరెన్స్ కంపెనీల కన్ను పడకుండానో, డ్రాగ్ పందేల్లో అనువైన తరగతి దొరకడానికో అంకెను కావాలనే తగ్గించి రాసేవారు. ఫోర్డ్ 428 కోబ్రా జెట్‌కు 335 అని రాయడం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అమర్చాల్సినవన్నీ అమర్చి కొలిచే నెట్ లెక్కలో 1971 హెమీ బలం 350 మాత్రమే. కాబట్టి కాగితం మీది 360ని చూసి బ్యూక్‌ను తీసిపారేయలేం.

ఇంజిన్లన్నిటినీ ఒకే పద్ధతిలో కొలిస్తే పైవేగంలో హెమీయే గెలుస్తుంది కదా అనవచ్చు. నిజమే, ఒప్పుకుంటాను. పొడవాటి పందెపు బాటలో నేనూ దాన్నే ఎంచుకుంటాను. కానీ వీధిలో ఆ వేగం దాకా వెళ్లే అవకాశమే అరుదు. 1970లో మోటార్ ట్రెండ్ పత్రిక పరీక్షలో స్టేజ్-1 బ్యూక్ పావు మైలును 13.38 సెకన్లలో దాటింది. పత్రికల చేతికిచ్చే కార్లను కంపెనీలు ముందే సవరించి ఉంటాయన్న అనుమానం న్యాయమైనదే, అయితే అది మూడు కంపెనీలకూ ఒకేలా వర్తిస్తుంది. ఆనాటి సన్నటి టైర్ల మీద ఇంత టార్క్ వృథాగా జారిపోదా అన్న ప్రశ్న ఇంకా బలమైనది. జారుతుంది, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే. బ్యూక్‌ను అలా తొక్కాల్సిన పని లేదు. కాలు కొద్దిగా ఆనిస్తే చాలు, తక్కువ చుట్లలోనే కారు కదిలిపోతుంది. హెమీ నడిపేవాడు మాత్రం ఇంజిన్‌ను ముందు పై చుట్లకు ఎక్కించి, ఆ బలాన్ని ఒక్కసారిగా అవే సన్నటి టైర్ల మీదికి వదలాల్సి వస్తుంది.