చంక దిగని బిడ్డ

బిడ్డని చంకనెత్తుకోవడం ఏ తల్లికీ ఒకరు నేర్పక్కర్లేదు. వేళకి దించడమే కష్టం! ఆ కష్టం గురించి నేను చదివిన మంచి పుస్తకాల్లో ఒకటి ఒక శాస్త్రవేత్త ఆత్మకథ కావడం విచిత్రమే. 1995లో వచ్చిన ఆ పుస్తకం పేరు ‘రిఫ్లెక్షన్స్ ఆఫ్ ఈడెన్’. రాసినావిడ బిరూటే గాల్డికాస్.

1971లో, పాతికేళ్ల వయసులో, ఆవిడ భర్త రాడ్‌తో కలిసి ఇండోనేషియాలోని బోర్నియో అడవులకి వెళ్లింది, ఒరంగుటాన్లని పరిశీలించడానికి. మలయ్ భాషలో ఆ మాటకి ‘అడవి మనిషి’ అని అర్థం. ఎర్రటి జుట్టున్న, తోకలేని ఈ వానరాల్లో తల్లి ఒక్కో బిడ్డనీ ఏడెనిమిదేళ్లు వెంటేసుకు తిరుగుతుంది. బతికుండగా బిడ్డని వదలదు. అందుకని పిల్లల్ని అమ్ముకునేవాళ్లు ముందు తల్లిని చంపుతారు. ముద్దొస్తోందని ఎవరింట్లోనో గొలుసేసి కట్టిన పిల్ల వెనకాల ఒక తల్లి చావుందన్నమాట.

అలాంటి ఇళ్ల నుంచి విడిపించి తెచ్చిన తొలి పిల్లల్లో ఒకడు సుగిటో. వాడు గాల్డికాస్ ఒంటిని కరుచుకుని వదిలేవాడు కాదు. నిద్రపోయినా వాడే, ఆఖరికి బట్టలు మార్చుకోబోయినా వాడి కేకలే! ఈ పేజీలు చదువుతుంటే నవ్వొస్తుంది. తర్వాత ఆ నవ్వే గొంతులో ఆగిపోతుంది. అంత గారాబంగా పెరిగినవాడు పెద్దయ్యాక, తనలాగే అనాథలై వచ్చిన పసివాళ్ల పాలిట గండమయ్యాడు. మనిషి పెంపకంలో ఎక్కడ తేడా వచ్చిందా అని ఆవిడ తల్లడిల్లుతుంది. దాచకుండా రాసింది చూడండి, అక్కడే ఈ పుస్తకం మామూలు ఆత్మకథల్ని దాటిపోయింది.

మరోపక్క అక్మద్ ఉంది. అదీ చెరలోంచి వచ్చిందే. కానీ మెల్లగా అడవిదారి పట్టి, అక్కడే తల్లయింది. పునరావాసమంటే అదీ! పెంచినమ్మ అవసరం తీరిపోవడమే ఆ పెంపకానికి ఫలితం.

లోపం లేదా అంటే ఉంది. గాల్డికాస్ కన్నకొడుకు బింటి 1976లో పుట్టాడు. తర్వాత దంపతులు విడిపోయారు, పిల్లవాడు తండ్రి దగ్గర కెనడాలో పెరిగాడు. సుగిటో విషయంలో అంత నిలదీసుకున్న మనిషి ఇక్కడ మరికాస్త ఆగి రాసుంటే బాగుండేదనిపించింది నాకు. అలాగే, పిల్లల్ని కొనేవాళ్లుంటేనే కదా వేటగాడికి బేరం? ఆ కొనేవాళ్ల ఇళ్లలోకి ఇంకొంచెం తొంగిచూడాల్సింది.

ఇప్పటి కేంద్రాల్లో పద్ధతులు చాలా మారాయి. రోగాలు అంటకుండా కొత్తపిల్లల్ని ముందు విడిగా ఉంచుతారు. చెట్టెక్కడం, గూడు కట్టుకోవడం, పండు వెతుక్కోవడం నేర్పే ‘అడవి బడులు’ వచ్చాయి. ఒళ్లో పెట్టుకోవడంతో సరిపోదని తెలుసుకోవడానికి సుగిటోలాంటి వాళ్ల కథలు కావలసి వచ్చాయి.

పుస్తకం లావుగా ఉందని జంకకండి. ఇంగ్లీషు తేలికే. పిల్లల్ని హాస్టలుకి పంపి దిగులుపడుతున్న తల్లులు ముందుగా చదవండి.