రోగి యడిగిన ప్రశ్న

రోగి కోరినదియుఁ బాలే, వైద్యుఁడు చెప్పినదియుఁ బాలే యని మనలో నొక సామెత గలదు. పాలవిషయమున నీ యైకమత్యము సులభము. మరణవిషయమున నట్లు గాదు. అచట రోగి కోరునది నిజము. వైద్యుఁడు చెప్పునది తఱచుగా వేఱొకటి. ఈ యంతరమును సాహిత్యమును, చలనచిత్రమును, చిత్రలేఖనమును నెట్లు చూపినవో మూఁడు కృతులఁ బరిశీలించి తెలిసికొందము.

లియో టాల్‌స్టాయి 1886వ సంవత్సరమునఁ బ్రకటించిన "ఇవాన్ ఇల్యీచ్ మరణము" అను కథలో నాయకుఁడు న్యాయాధికారి. తన స్థితి యపాయకరమా కాదా యని యాతఁ డెఱుంగఁగోరఁగా, వైద్యుఁ డా ప్రశ్నను బాటింపక, మూత్రపిండము స్థానము దప్పినదా, ఉండుకము చెడినదా యను తర్కముననే యుండును. తాను న్యాయస్థానమున ముద్దాయిలయెడ వహించిన వైఖరియే వైద్యుఁడు తనయెడ వహించుచున్నాఁడని యిల్యీచ్ గ్రహించును. దీనిని వైద్యులపై నధిక్షేపముగా మాత్రమే చదువుట చాలదు. వైద్యుఁడు వ్యాధిని మాన్పలేకపోయెనని కాదు టాల్‌స్టాయి యారోపణము. ఇంటివారును వైద్యులును గలసి మరణము లేనట్లు నటించుటయే నేరము. గెరాసిమను పల్లెటూరి సేవకుఁ డొక్కఁడే నటింపఁడు. రోగి కాళ్లను దన భుజములపై నిడుకొని రాత్రులు కూర్చుండును. అందఱమును జనిపోవువారమే గదా యని తేటగాఁ బలుకును. ఆతని యందు నిజమును సేవయు విడివడలేదు.

విడివడినచో నేమగునో అకిరా కురొసావా 1952లో దర్శకత్వము వహించిన జపాను చలనచిత్రము "ఇకిరు" చూపును. జీవించుట యని యా పేరున కర్థము. నగరకార్యాలయమున సుమారు ముప్పదియేండ్లు కాగితములపై ముద్రలు వేసిన వటనాబెకుఁ గడుపులోఁ గ్యాన్సరు. అది సామాన్యమైన పుండని వైద్యులు బొంకుదురు. కాని వారట్లు బొంకుదురని యంతకుముందే యాసుపత్రిలో వేచియున్న యపరిచితుఁ డొకఁడు చెప్పివేసెను. రోగి వెడలిన పిమ్మట, ఇఁక నాఱునెలలే మిగిలినచో నేమిచేయుదువని యచటివారు తమలోఁ దా మడిగికొందురు. రోగితో మాటాడవలసిన మాట రోగి లేనప్పుడు పుట్టినది! నిజము తెలిసియుఁ దోడులేని వృద్ధుఁడు, కన్నకొడుకుతోఁ జెప్పికొనలేక, మద్యశాలలఁ దిరుగును. పిల్లల కొక యుద్యానము గట్టించు పని చేపట్టువఱకు నాతనికి జీవితము దొరకదు.

ఇఁక లూక్ ఫైల్డ్స్ 1891లో నాంగ్లదేశమునఁ బ్రదర్శించిన "వైద్యుఁడు" అను చిత్రము. రెండు కుర్చీలు చేర్చిన పడకపై బిడ్డ. ప్రక్కన గడ్డముపైఁ జేయి చేర్చి చూచుచున్న వైద్యుఁడు. వెనుక దిక్కుతోఁచని తల్లిదండ్రులు. చిత్రకారుని తొలిబిడ్డ 1877లో మరణించెను. ఆ దుఃఖ మిందుఁ గలదు. చేయఁగలిగినది స్వల్పమైనను వైద్యుఁడు కదలక కూర్చుండుటయే యిందలి మహిమ. కాని యీ చిత్రము మనల నోదార్చుటకు వేఱొక కారణమును గలదు: ఇచట రోగి ప్రశ్న యడుగదు. అడిగినచో నీ వైద్యుఁ డేమనునో చిత్రకారుఁడు చెప్పలేదు.

కావున నీ మూఁటిని గలిపి చదువవలెను. నేఁడు సాధనములు పెరిగినవి; రోగికి నిజము దెలుపుట ధర్మమని వైద్యశాస్త్రమును విస్తారముగ నంగీకరించినది. అయినను నిజము చెప్పి లేచిపోవుట సగము ధర్మము; చెప్పక ప్రక్కనఁ గూర్చుండుట తక్కిన సగము. ఆ రెండు సగములను గలిపినవాఁడు గెరాసిము. ఆతఁడు వైద్యుఁడు గాఁడు.