రికార్డు ఎవరిదైనా, వైవా సొంతం

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. అప్పటి నుంచి అసైన్‌మెంట్లు దిద్దే లెక్చరర్లకు అదనపు పని పడింది. ఎలా రాశారన్నది తర్వాత, ముందు ఎవరు రాశారో తేల్చాలి.

ఆ తేల్చే పనినీ యంత్రానికే అప్పగించి చూశారు. ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో తెచ్చిన గుర్తింపు సాధనం, ఆ సంస్థ సొంత పరీక్షల్లోనే యంత్రం రాసిన వాటిలో 26 శాతాన్నే పట్టుకుంది. మనుషులు రాసిన వాటిలో 9 శాతాన్ని యంత్రం ఖాతాలో వేసింది. కచ్చితత్వం లేదంటూ జులైలో కంపెనీయే దాన్ని ఎత్తేసింది. మరుసటి నెల అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లోని ఏఐ గుర్తింపును ఆపేసింది. 2022లో అక్కడ టర్నిటిన్‌కు వెళ్లిన పత్రాలు 75,000. టర్నిటిన్ ఒప్పుకున్న 1 శాతం పొరపాటు లెక్కనే చూసినా, సుమారు 750 పత్రాలపై అన్యాయంగా మచ్చ పడేది.

ఆ మచ్చ ఎవరికి అంటుకుంటుందో 2023లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు సాధనాలకు ఇస్తే, సగటున 61 శాతానికి పైగా యంత్రం రాసినవేనన్నాయి. అందరూ వాడే పదాలు, ముందే ఊహించగల వాక్యాలు కనిపిస్తే ఆ సాధనాలకు అనుమానం. కోచింగ్ సెంటర్లలో మన పిల్లలు వల్లెవేసే ఇంగ్లిష్ కూడా ఆ కోవలోదే.

కాపీ మాత్రం కొత్తేం కాదు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ రికార్డులు చాలావరకు సీనియర్ల రికార్డులు చూసి దించినవేనని రాసేవాళ్లకూ తెలుసు, సంతకం పెట్టేవాళ్లకూ తెలుసు. వైవాలో ఎక్స్‌టర్నల్ ‘ఈ గ్రాఫ్ ఇక్కడెందుకు వంగింది?’ అని అడిగేదాకానే ఆ ధీమా. చాట్‌బాట్ రాసిచ్చిన ప్రోగ్రాముకూ అదే పరీక్ష చాలు: ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?

హార్వర్డ్‌లో డేవిడ్ మేలన్ చెప్పే సీఎస్50 కంప్యూటర్ సైన్స్ కోర్సు ఏఐనే విద్యార్థిని ఆలోచింపజేసే వైపు తిప్పింది. 2023లో అక్కడ ప్రవేశపెట్టిన ‘బాతు’ చాట్‌బాట్ జవాబు చేతిలో పెట్టదు. దారి చూపి, తప్పెక్కడుందో విద్యార్థి చేతే వెతికిస్తుంది.

వైవాకు కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, టైము. సెక్షన్‌లో 60 మంది ఉంటే, తలా 10 నిమిషాల చొప్పున 10 గంటలు. లెక్చరర్ వర్క్‌లోడ్‌లో ఆ గంటలను లెక్కించనంత కాలం, ‘ప్రాజెక్టు టైటిలేంటమ్మా?’ అన్న ఒక్క ప్రశ్నతోనే వైవా ముగుస్తుంది. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ వేసే హెచ్‌ఓడీలు ముందు ఆ 10 గంటలు ఎక్కడివో చెప్పాలి.