ఒకటి, రెండు, ఒకే లాగ్

తప్పుల్ని మామూలు ఔట్‌పుట్‌తో కలపొద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. స్క్రిప్టు చెప్పే ఫలితం ఒకటో నంబరు దారిన, మొత్తుకునే తప్పు రెండో దారిన, రెంటికీ వేర్వేరు ఫైళ్లు. మొన్న సోమవారం దాకా నాది ఇదే మాట.

ఆ రెండో దారి ఊరికే పుట్టలేదు. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ వాళ్లు ఫొటోటైప్‌సెట్టర్ మీద పేజీలు కూర్చేవారు. పొడవాటి కాగితాన్ని కంపుకొట్టే డెవలపర్ యంత్రంలోకి జాగ్రత్తగా ఎక్కించి, నిమిషాల తరబడి కాచుకోవాలి. ఒక మధ్యాహ్నం అలా కాచుకున్న కొందరికి చేతికొచ్చింది ఒక్కటే లైను: ఫలానా ఫైలు తెరవలేకపోయాను అని, ముత్యాల్లాంటి అక్షరాల్లో. గొణుగుడు పెరిగింది. రెండు మూడు రోజుల్లోనే తప్పులకు విడిగా దారి వచ్చిందని అక్కడ పనిచేసిన స్టీఫెన్ జాన్సన్ చెప్పారు. ఆ కథ విన్నప్పటినుంచే నాకీ పట్టు.

సోమవారం మా రాత్రి బ్యాకప్‌లో ఒక టేబుల్ రాలేదు. తప్పుల ఫైల్లో ఒక్క వాక్యం: కనెక్షన్ తెగింది. ఏ టేబుల్ దగ్గర? ఔట్‌పుట్ ఫైల్లో నలభై పేర్లు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

"అన్నా, రెండూ ఒకే లాగ్‌లోకి పంపుదాం" అన్నాడు మా టీమ్ కుర్రాడు. స్క్రిప్టు మొదట్లోనే ఎగ్జెక్ లైను పెట్టి, ముందు 2>&1, ఆ తర్వాత >> లాగ్ పేరు రాశాడు. తప్పులు లాగ్‌లోకి రాలేదు, క్రాన్ మెయిల్‌లోకి పోయాయి. షెల్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. 2>&1 చదివిన క్షణాన ఒకటో దారి ఎటు పోతోందో రెండోదీ అటే కుదురుకుంటుంది; తర్వాత ఒకటిని లాగ్ వైపు మళ్లించినా రెండోది కదలదు. లైను తిరగేసి రాశాం.

బుధవారం లాగ్ తెరిస్తే ఒక టేబుల్ పేరు, దాని కిందే కనెక్షన్ తెగిందన్న మాట, ఆ కింద తర్వాతి టేబుల్. తప్పు ఎవరి పక్కన నిలబడిందన్నదే సగం సమాచారం; విడదీసి దాన్ని నేనే పోగొట్టాను. ఒకే ప్రోగ్రామ్ లోపలయితే వరస తారుమారు కావచ్చు. ఫైలుకు పోయే ఔట్‌పుట్ బఫర్‌లో పోగవుతుంది, తప్పు వెంటనే బయటపడుతుంది. మా దాంట్లో టేబుల్‌కొక కమాండు, అది ముగిసేసరికి బఫర్ ఖాళీ.

పైపులో ఇంకో ప్రోగ్రామ్‌కి అందించే ఔట్‌పుట్‌లో తప్పు కలిపితే ఇప్పటికీ ఒప్పుకోను. మనిషి చదివే రాత్రి లాగ్ మాత్రం ఇకమీదట ఒక్కటే. మిగతా స్క్రిప్టుల్లోనూ ఆ లైను పెట్టమని కుర్రాడికి అప్పగించాను. తప్పుల్ని డెవ్ నల్‌లోకి తోసేస్తున్నవి ఇప్పటికే మూడు బయటపడ్డాయి.